పీఫైవ్‌ల మెలికల ముగ్గు గీయాలంటే లాజిక్ ఎట్ల పెట్టాలె?

హన్మకొండ_పోరడు

అన్నలు, అక్కలు, కోడ్‌తోని జామెట్రీ బొమ్మలు గీసుడు తెలిసినోళ్ళు ఎవరన్న ఉంటే జర చెప్పుర్రి. నేను హన్మకొండల డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతాన, పీఫైవ్ జేఎస్ (కోడ్ రాసి బొమ్మలు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఆన్‌లైన్ ఎడిటర్ల చిన్న చిన్నయి గీస్తాన. చతురస్రాన్ని తిప్పుకుంట పోయి పువ్వు తెచ్చుడు, సర్కిల్ మీద సర్కిల్, గిట్లాంటివి వస్తానయి. ఇప్పుడు నాకు కావాల్సింది మన మెలికల ముగ్గు. ఫోటో పెట్టి దాని మీద గీతలు దిద్దుడు కాదు, ఇన్ని చుక్కలు అని నంబర్ ఇస్తే కోడే ముగ్గు వెయ్యాలె, ఇంకో నంబర్ ఇస్తే ఇంకో ముగ్గు రావాలె.

నేను పెట్టిన లాజిక్ ఏందంటే, చుక్కలు వరుసలల్ల పెట్టి, ప్రతి చుక్క దగ్గర నాలుగు అయిదు రకాల ముక్కలల్లకెళ్ళి ఒకటి ర్యాండమ్‌గ తీసి గీసుడు. కానీ గీతలు ఒకదానికొకటి కలుస్తలేవు, సగం గీతలు గాలిల ఆగిపోతానయి. పైనుంచి బొమ్మ మొత్తం మిణుకు మిణుకుమని మారుతనే ఉంటాంది, స్క్రీన్‌షాట్ తీద్దామన్నా ఆగదు.

ఇంకో రెండు డౌట్లు. 9 చుక్కలు 5 వచ్చే వరకు సందు చుక్క, అమ్మోళ్ళు ఎక్కువ గదే వేస్తరు, అది పెడితే నాకు నిలువుకు సాగినట్టు వస్తాంది ఎందుకు? తర్వాత దీన్ని పెద్దగ ప్రింట్ తీయాలంటే ఎట్ల సేవ్ చేయాలె? సంక్రాంతికి మా కాలనీల గుడ్డ మీద ప్రింట్ ఏపిద్దామని ఆలోచన.

---

పరకాల_శ్రీను

తమ్మీ మంచి పని పెట్టుకున్నవ్. ముందుగాల మిణుకు సంగతి చూద్దాం, అది అల్కటి పని. పీఫైవ్‌ల డ్రా ఫంక్షన్ సెకండ్‌కు దాదాపు 60 సార్లు నడుస్తది, అంటే నీ ర్యాండమ్ కూడ గన్ని సార్లు కొత్త నంబర్లు ఇస్తాంది, అందుకే బొమ్మ ఆగుతలేదు. సెటప్‌ల నోలూప్ పెట్టు, ఒక్కసారి గీసి ఊకుంటది. లేదు యానిమేషన్ కావాలె అనుకుంటే డ్రా మొదట్లనే ర్యాండమ్‌సీడ్ అని పెట్టి ఏదన్న నంబర్ ఇయ్యి, ప్రతిసారి అవే ర్యాండమ్ నంబర్లు అదే వరుసల వస్తయి. నేనైతే సీడ్ నంబర్‌నే ఫైల్ పేరుల పెడత, ఎందుకంటే మంచి డిజైన్ ఒకటి వచ్చినంక కోడ్ మార్చకుంట అదే నంబర్ ఇస్తే మళ్ళ అదే బొమ్మ వస్తది, లేకపోతే అది పోయినట్టే, వెతికినా దొరకదు.

ఇంక ర్యాండమ్ గురించి ఒక మాట. ఈ రకం బొమ్మలు కంప్యూటర్లు పుట్టిన కొత్తలనే మొదలైనయి, జర్మనీల జార్జ్ నీస్ అనే ఆయన 1965ల స్టుట్‌గార్ట్‌ల తన కంప్యూటర్ డ్రాయింగులు ఎగ్జిబిషన్ పెట్టిండు. ఆయనదే ఒక ఫేమస్ బొమ్మ ఉంటది, అడ్డం 12 నిలువు 22 చతురస్రాలు, పైన లైన్ల బుద్ధిగ ఉంటయి, కిందికి వచ్చినకొద్ది ఒక్కొక్కటి తిరిగి, జరిగి, చెదిరిపోతయి. అంత చెదిరినా అందంగ ఎందుకుంటది అంటే ర్యాండమ్ ఎంత ఉండాలె అనేది వరుస నంబర్ చెప్తాంది, ర్యాండమ్ తన ఇష్టం వచ్చినట్టు ఆడుతలేదు. వెరా మోల్నార్ అని హంగరీల పుట్టి పారిస్‌ల ఉన్న ఆర్టిస్ట్, 1968 నుంచి కంప్యూటర్ తోని పని చేసింది, 2023ల చనిపోయేదాక గీస్తనే ఉన్నది, ఆమె కూడ చతురస్రాల వరుసలల్ల కొంచెం, చాలా కొంచెం చెదరగొట్టేది. నీ ముగ్గుల ర్యాండమ్ పెట్టు కాని రూల్ ముందు పెట్టు, ర్యాండమ్ ఆ రూల్ లోపలనే తిరగాలె.

లాంగ్వేజ్ మార్చే పని లేదు, పీఫైవ్ చాలు. ప్రాసెసింగ్ అనే బొమ్మల కోడింగ్ లాంగ్వేజ్, 2001ల ఎంఐటీల కేసీ రియాస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన దాన్ని బ్రౌజర్ కోసం లారెన్ మెకార్తీ మళ్ళ రాస్తే వచ్చిందే పీఫైవ్, అందుకే పాత ప్రాసెసింగ్ ఉదాహరణలు ఏవి దొరికినా కొంచెం మార్చుకుంటే ఇండ్ల నడుస్తయి. ముగ్గు లాజిక్ మాత్రం నాకన్న మంచిగ చెప్పేటోళ్ళు ఇక్కడ ఉన్నరు, టీచర్ మేడమ్ చూస్తే బాగుండు.

---

జనగామ_లెక్కల_టీచర్

చూసిన శ్రీనూ. బాబు, నీ గీతలు కలవకపోవడానికి కారణం ఒక్కటే. నువ్వు ప్రతి చుక్కకు విడిగా ముక్క ఎంచుతున్నవ్, పక్క చుక్క ఏం ఎంచిందో ఈ చుక్కకు తెల్వది. నిర్ణయం చుక్క దగ్గర కాదు, రెండు చుక్కల మధ్యల తీసుకోవాలె.

ఇట్ల అనుకో. ప్రతి చుక్క ఒక గదిల ఉంది, గదికి నాలుగు దిక్కుల నాలుగు తలుపులు. పక్క పక్క గదులకు తలుపు ఒక్కటే, అది తెరిచి ఉంటే ఇద్దరికీ తెరిచినట్టే, మూస్తే ఇద్దరికీ మూసినట్టే. తెరిచిన తలుపు దగ్గర రెండు గీతలు ఒకదాన్నొకటి దాటుకొని అవతలి గదిలకు పోతయి. మూసిన తలుపు దగ్గర గీత చుక్క చుట్టూ వంపు తిరిగి లోపలనే ఉంటది. బయటి అంచుల మీద ఉన్న తలుపులన్నీ ఎప్పుడూ మూసే ఉండాలె. అంతే, ఇంకా ఏ గీతా గాలిల ఆగదు, ఆగే దారే లేదు.

ఇప్పుడు కొలతలు చెప్త, ఇక్కడే అందరూ తికమక పడ్తరు. చుక్కకు చుక్కకు మధ్య దూరం 60 అనుకో. సగం 30, అంటే తలుపు చుక్క నుంచి 30 దూరంల ఉంది. చుక్క చుట్టూ ఒక వృత్తం ఊహించు, దాని వ్యాసార్థం 30ని 0.707తోని గుణిస్తే 21.2. ఎందుకు అదే అంటే, తలుపు నుంచి 45 డిగ్రీల వాలుతోని గీసిన గీత ఆ వృత్తాన్ని సరిగ్గ స్పర్శరేఖ లెక్క తాకుతది, తాకే బిందువు చుక్క నుంచి అడ్డం 15, నిలువు 15. స్పర్శరేఖ కాబట్టి గీత వంపులకు పోయే దగ్గర ఎక్కడా విరిగినట్టు కనపడదు.

కోడ్‌ల ఏం చేయాలంటే యాంగిల్‌మోడ్ డిగ్రీస్ పెట్టు, నోఫిల్ పెట్టు, పుష్ చేసి చుక్క దగ్గరికి ట్రాన్స్‌లేట్ చెయ్యి. తర్వాత నాలుగు సార్లు తిరిగే ఫర్ లూప్, ఒక్కో సారి అయినంక 90 డిగ్రీలు రొటేట్. లూప్ లోపల ఒక్కటే ప్రశ్న, ఈ దిక్కు తలుపు తెరిచి ఉందా? ఉంటే రెండు చిన్న గీతలు, 15, మైనస్ 15 నుంచి 30, 0 వరకు ఒకటి, 15, 15 నుంచి 30, 0 వరకు ఇంకోటి. మూసి ఉంటే మైనస్ 45 నుంచి 45 డిగ్రీల వరకు ఒక ఆర్క్. ఆర్క్‌కు వ్యాసార్థం కాదు వ్యాసం ఇయ్యాలె, 42.4. ఫర్ లూప్ అయినంక పాప్. పీఫైవ్‌ల వై కిందికి పెరుగుతది కాబట్టి లూప్ తిరిగే వరుస కుడి, కింద, ఎడమ, పైన. నాలుగు తలుపులు, ఒక్కోటి తెరిచి లేదా మూసి, మొత్తం 16 రకాల ముక్కలు వస్తయి, తిప్పితే ఒకటే అయ్యేటివి తీసేస్తే 6 మాత్రమే, కాని నువ్వు ఆ ముక్కలు విడిగ గీసిపెట్టుకునే పనే లేదు, లూపే చూసుకుంటది.

తలుపులను రెండు అర్రేలల్ల (లిస్టులల్ల) పెట్టుకో, అడ్డం తలుపులకు ఒకటి, నిలువు తలుపులకు ఒకటి. అడ్డం 7 చుక్కలుంటే మధ్యల తలుపులు 6. ఎడమ కుడి ఒకే తీరుగ రావాలంటే సున్నా నుంచి లెక్కపెట్టి, సి అనే తలుపుకు ఏది పెట్టినవో 5 మైనస్ సి తలుపుకు అదే పెట్టు. 6 మైనస్ సి చుక్కలకు, అడ్డం తలుపులకు కాదు, ఈ ఒక్కటి తప్పితే ముగ్గు ఒక పక్కకు ఒరుగుతది. నిలువు తలుపులు ప్రతి చుక్క కింద ఒకటి, అంటే వరుసకు 7 ఉంటయి కాబట్టి వాటిని ఎడమ కుడి అద్దేటప్పుడు మాత్రం 6 మైనస్ సినే సరి.

సందు చుక్క సంగతి. సాగినట్టు ఎందుకు వస్తాందంటే వరుసకు వరుసకు మధ్య దూరం కూడ నువ్వు 60 పెట్టి ఉంటవ్. పై వరుస చుక్క కింది రెండు చుక్కల సందుల పడ్డప్పుడు మూడూ కలిసి సమబాహు త్రిభుజం కావాలె, దాని ఎత్తు భుజాన్ని 0.866తోని గుణించినంత, అంటే 52. వరుస నంబర్‌ను మైనస్ 4 నుంచి 4 దాకా తిప్పు, ఒక్కో వరుసల చుక్కలు 9 లోంచి ఆ నంబర్ గుర్తు లేకుండ తీసేసినన్ని. 5, 6, 7, 8, 9, 8, 7, 6, 5, మొత్తం 61 చుక్కలు. ప్రతి వరుసనూ మధ్యకు జరిపితే సందు దానంతట అదే పడ్తది. ఇండ్ల ప్రతి చుక్కకు ఆరు తలుపులు, 60 డిగ్రీల చొప్పున తిప్పు, ఆర్క్ మైనస్ 30 నుంచి 30, వ్యాసార్థం 30ని 0.866తోని గుణించి 26, తాకే బిందువు 22.5, 13. మిగతా అంతా అదే లాజిక్.

ఇంకోటి, ఇది కొత్త ఆలోచన అనుకోకు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీల గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ కలిసి 1974లనే కోలాలకు (తమిళోళ్ళు ముగ్గును కోలం అంటరు) వ్యాకరణం రాసి పేపర్ వేసిన్రు, కంప్యూటర్ సైన్స్‌ల ఇప్పటికీ దాని ప్రస్తావన వస్తది. వాకిట్ల వేసేదాంట్ల ఇంత గణితం ఉందని మా పిల్లలకు చెప్పడానికి నేను ప్రతి ఏడాది ఇదే తీస్త.

---

మంచిర్యాల_రాకీ

ఇంత కష్టం ఎందుకు బ్రో, ఏఐ ఇమేజ్ టూల్‌కు మెలికల ముగ్గు అని టైప్ చేస్తే నిమిషంల పది ఇస్తది, అందులోంచి ఒకటి ప్రింట్ కొట్టించుకో

---

జనగామ_లెక్కల_టీచర్

రాకీ, ఒకసారి అట్ల వచ్చిన బొమ్మను పెద్దగ చేసి ఒక గీత మీద వేలు పెట్టి చివరిదాక పోయి చూడు. దూరం నుంచి ముగ్గు లెక్కనే ఉంటది, దగ్గరికి పోతే ఒక దగ్గర గీత చుక్క మీంచే పోతది, ఒక దగ్గర రెండు గీతలు కలిసి ఒకటే అయితయి, ఎడమ పక్క చుక్కలు కుడి పక్క చుక్కలతోని సరిపోవు. ముగ్గు వేసే ఏ ఆడామెను అడిగినా అది ముగ్గు కాదనే అంటది. పైగా 9 చుక్కలది బాగుంది, అదే పద్ధతిల 15 చుక్కలది కావాలె అంటే ఆ బొమ్మ దగ్గర పద్ధతి లేదు కదా. కోడ్‌ల అయితే ఒక నంబర్ మారిస్తే 15 నుంచి 8 దాకా సందు చుక్క, 169 చుక్కల ముగ్గు వస్తది, ఒక్క గీత తప్పు పోదు. ఈ అబ్బాయి అడిగిందే అది.

---

కొత్తవాడ_మగ్గం

టీచరమ్మ మంచిగ చెప్పింది. తమ్మీ, నువ్వు గుడ్డ మీద ప్రింట్ అన్నవ్ కాబట్టి నేను నేత దిక్కు నుంచి చెప్త. మాది వరంగల్ కొత్తవాడ, దర్రీలు (నేల మీద పరిచే జంపఖానాలు) నేసే ఇల్లు, 2018ల జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు) వచ్చింది గా దర్రీలకే. డిజైన్ గ్రాఫ్ పేపర్ మీదనే ఏస్తం, ఈ మధ్య మా తమ్ముని కొడుకు కంప్యూటర్ మీద గడులు నింపుతాండు, కోడ్‌తోనే.

ప్రింట్ అయితే వంపులు ఉన్నా ఏం కాదు. కని ఎప్పుడన్న ఈ ముగ్గును నేపియ్యాలనుకుంటే ఒక్కటి యాదిల పెట్టుకో, మగ్గం మీద వంపు రాదు, మెట్లే వస్తయి. పేక (అడ్డం) పోగు ఒక పడుగు (నిలువు) పోగు దగ్గర రంగు మారి వెనుకకు తిరుగుతది, పై వరుసల ఇంకో పోగు జరిగి తిరుగుతది, ఆ మెట్లే దూరం నుంచి వాలు గీత లెక్క కనిపిస్తది. అందుకే పాత దర్రీలల్ల కోటకొమ్మలు, బాణం మొనలు, డైమండ్లు ఉంటయి కని గుండ్రం పువ్వు ఉన్నా మూలలు మూలలుగనే ఉంటది. టీచరమ్మ చెప్పిన లెక్కల తలుపులన్ని తెరిచిన ముగ్గు ఉంటది సూడు, వంపు అంచుల మీద తప్ప లోపలంత 45 డిగ్రీల వాలు గీతలే, అది దర్రీకి శానా మంచిగ కుదురుతది.

ఇంకా ముఖ్యమైంది, గడి చతురస్రం కాదు. ఉదాహరణకు ఇంచుకు పడుగు పోగులు 10, పేక పోగులు 20 పడ్తయనుకో, అప్పుడు నీ కంప్యూటర్ల 40 గడుల అడ్డం 40 గడుల నిలువు చతురస్రం గీస్తే నేసినంక 4 ఇంచుల వెడల్పు, 2 ఇంచుల ఎత్తు వస్తది, అణిగిపోయినట్టు. కాబట్టి కోడ్‌ల రెక్టాంగిల్ గీసేటప్పుడే వెడల్పు ఇంచును పడుగుతోని భాగించి, ఎత్తు ఇంచును పేకతోని భాగించి పెట్టుకుంటే స్క్రీన్ మీద కనపడ్డదే మగ్గం మీదికి వస్తది. మా పిల్లగాడు ఆ రెండు నంబర్లు పైననే రాసి పెట్టుకున్నడు, నూలు మారినప్పుడల్ల అవ్వే మారుస్తడు, డిజైన్ ముట్టుకోడు.

డిజైన్లు కావాలంటే వేయిస్తంభాల గుడికి పో, నీకు పక్కనే గదా. 1163ల రుద్రదేవుడు కట్టించిన గుడి, రాతి జాలీలు ఉంటయి, గుడి నేల ప్లానే నక్షత్రం తీరు ఉంటది. జాలీ ముందట నిలబడి మొత్తం సూడకు, మళ్ళ మళ్ళ వచ్చే అన్నిట్ల చిన్న ముక్క ఏదో అది ఎతుకు. అది దొరికితే కోడ్ సగం అయినట్టే.

---

హన్మకొండ_పోరడు

మేడమ్, అద్భుతం, తలుపుల లెక్క పెట్టినంక ఒక్క గీత కూడ తెగుతలేదు! 52 పెట్టంగనే సందు చుక్క కూడ సరిగ్గ ఆరు మూలలు వచ్చింది. శ్రీను అన్న చెప్పినట్టు సీడ్ ఫైల్ పేరుల పెడతాన. మగ్గం కాకా మీ పడుగు పేక నంబర్లు కూడ రాసుకున్న, జాలీలు చూడనీకి ఆదివారం పోత.

ఇంకొక్క డౌట్ మేడమ్, మా నానమ్మ చెయ్యి ఎత్తకుంట ఒక్కటే గీతతోని మొత్తం ముగ్గు వేస్తది. నేను తలుపులన్ని తెరిచి 5 అడ్డం 5 నిలువు పెడితే అది ఒక్క గీతనా, నాలుగైదు గీతలా అనేది చూస్తే అర్థం అయితలేదు. ఒక్కటే గీత రావాలంటే ఎట్ల?

---

జనగామ_లెక్కల_టీచర్

ఇదే నాకు అన్నిటికంటె ఇష్టమైన భాగం. తలుపులన్నీ తెరిచి, సరి చుక్కలు (సందుల కాకుండ ఒకదాని కింద ఒకటి వచ్చేటివి) దీర్ఘచతురస్రంల పెడితే ఎన్ని విడి గీతలు వస్తయో ముందే చెప్పొచ్చు, అడ్డం చుక్కల నిలువు చుక్కల గ.సా.భా. ఎంతో అన్ని. 5కు 5 పెడితే 5 గీతలు. 6కు 4 పెడితే 2. 5కు 4 పెడితే 1, ఆరో తరగతి లెక్కతోని ఒక్క గీత ముగ్గు వచ్చేసింది. కోడ్‌ల ఒక తలుపు దగ్గర మొదలుపెట్టి గీత వెంబడి పోయి మళ్ళ మొదటికి వచ్చేదాక ఒక రంగు వెయ్యి, మిగిలిపోయిన గీతకు ఇంకో రంగు, అట్ల అన్నీ అయిపోయేదాక, అప్పుడు ఎన్ని ఉన్నయో కంటికే కనిపిస్తది.

5కు 5 లోనే ఒక్క గీత కావాలంటే, రెండు వేరు రంగుల గీతలు దాటుకునే తలుపు ఒకటి వెతికి మూసెయ్యి. ఆ రెండూ కలిసి తప్పకుండ ఒక్కటే అయితయి. మళ్ళ రంగులు లెక్కపెట్టి ఇంకోటి, అట్ల 4 తలుపులు మూస్తే 5 గీతలు ఒక్కటైతయి. ఒకే రంగు గీత తనను తానే దాటే తలుపు మాత్రం ఊరికే ముట్టుకోకు, అక్కడ మూస్తే కొన్నిసార్లు రెండుగా విడిపోతది. చిక్కు ఎక్కడ వస్తదంటే నాలుగు పక్కల ఒకే తీరుగ ఉండాలని నాలుగు తలుపులు ఒకేసారి మూస్తం కదా, మొదటిది కలుపుతది, అప్పటికే కలిసినదాన్ని మూడోది విడగొట్టొచ్చు. అందుకని నాలుగూ మూసినంక గీతలు లెక్కపెట్టు, ఒకటి రాకపోతే వెనక్కి తెరిచి ఇంకో నాలుగు చూడు. ఈ వెతుకుడు కంప్యూటర్ మంచిగ చేస్తది. మీ నానమ్మ మాత్రం అది చేతిలోనే పెట్టుకుంది, వీలైతే ఆమె వేసేటప్పుడు ఏ చుక్కల మధ్య దాటుతది, ఎక్కడ తిరుగుతది అనేది తలుపుల లెక్కన రాసుకో, ఆ అర్రే ఒక్కటి నీ ర్యాండమ్‌ల వెయ్యి ముగ్గుల కంటె విలువైనది.

---

పరకాల_శ్రీను

ప్రింట్ సంగతి మిగిలిపోయింది కదా తమ్మీ. కాన్వాస్ అట్లనే సేవ్ చేస్తే 600 పిక్సెల్ల బొమ్మ వస్తది, గుడ్డ మీదికి పెద్దగ చేస్తే అంచులు పళ్ళు పళ్ళుగ కనిపిస్తయి. జర చిన్న సైజ్ అయితే పిక్సెల్‌డెన్సిటీ 4 పెట్టి సేవ్ చెయ్యి, సరిపోతది. పెద్దది అయితే ఎస్‌వీజీ ఫైలే (గీతలను పిక్సెల్లుగ కాకుండ కొలతలుగ దాచేది) చెయ్యాలె. అది ఉత్త టెక్స్ట్ ఫైల్, నీ కోడ్‌ల లైన్ గీసే దగ్గర లైన్ ట్యాగ్ ఒకటి స్ట్రింగ్‌ల కలుపుకుంట పో, ఆర్క్ దగ్గర పాత్ ట్యాగ్, చివరికి ఆ స్ట్రింగ్‌ను ఫైల్‌గ సేవ్ చెయ్యి. రొటేట్, ట్రాన్స్‌లేట్ అక్కడ పని చెయ్యవు కాబట్టి ప్రతి బిందువుకు సైన్ కాస్ తోని అసలు ఎక్స్, వై లెక్కగట్టి ఇయ్యాలె, లేదా ట్యాగ్‌లనే ట్రాన్స్‌ఫార్మ్ రాయాలె. ఇంక్‌స్కేప్‌ల (ఎస్‌వీజీ తెరిచే సాఫ్ట్‌వేర్) తెరిచి చూసుకో, ఎంత పెద్దగ చేసినా గీత సాఫుగ ఉంటది.

ఎస్‌వీజీల స్ట్రోక్ (గీత) చివరలు గుండ్రంగ పెట్టుడు మర్చిపోకు, లైన్ ఆర్క్ కలిసే దగ్గర లావు గీత అయితే చిన్న సందు కనపడ్తది, స్క్రీన్ మీద తెల్వదు కని ప్రింట్‌ల తెలిసిపోతది.